మిగిలిన మూడు పిండాలు: ఫ్రీజర్‌లో ఉంచడమా, వదిలేయడమా, పరిశోధనకు ఇవ్వడమా?

మా పాపకు మొన్న నాలుగేళ్లు నిండాయి. అదే వారం ఐవీఎఫ్ సెంటర్ నుంచి ఏటా వచ్చే కాగితం వచ్చింది. దాచిపెట్టిన మూడు ఎంబ్రియోలకు ఫీజు కట్టి ఇంకో ఏడాది కొనసాగిస్తారా, వదిలేస్తారా, పరిశోధనకు ఇస్తారా అని మూడు గడులు. ఇన్నాళ్లూ మొదటి గడిలో టిక్ పెట్టి డబ్బు కట్టేస్తూ వచ్చాం. ఈసారి చెయ్యి ఆడలేదు. ఇంకో బిడ్డ వద్దని మేమిద్దరం పోయిన ఏడాదే అనుకున్నాం. మరి ఎవరి కోసం దాస్తున్నట్టు?

హైదరాబాద్‌లో ఇప్పుడు ఏ పెద్ద రోడ్డు మీద చూసినా ఫెర్టిలిటీ సెంటర్ బోర్డు కనిపిస్తుంది. అక్కడి నుంచి బిడ్డను ఎత్తుకొని ఇంటికొచ్చిన వాళ్లలో చాలామంది ఈ కాగితం ముందు ఎప్పుడో ఒకప్పుడు కూర్చోవాల్సిందే. బయట మాత్రం ఎవరూ మాట్లాడరు. అందుకే రాస్తున్నాను.

మొదటి గడి గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. రెండో కాన్పు సంగతి ఇంకా తేల్చుకోని వాళ్లకు అదే సరైనది. తేల్చుకున్న వాళ్లకు అది వాయిదా మాత్రమే, ఆ వాయిదాకూ హద్దుంది. ఐవీఎఫ్ లాంటి చికిత్సల కోసం వచ్చిన 2021 ఏఆర్‌టీ చట్టం ప్రకారం పిండాలను పదేళ్లకు మించి దాచకూడదు. ఆ తరువాత వాటిని నశించనివ్వాలి, లేదా దంపతుల సమ్మతితో ఆ చట్టం కింద నమోదైన పరిశోధన సంస్థకు ఇవ్వాలి. అమ్మడం నేరం. మేము ఇంకో ఐదేళ్లు ఫీజు కట్టినా చివరికి ఆ రెండు గడుల దగ్గరికే రావాలి.

కాబట్టి అసలు పోలిక రెండో గడికీ మూడో గడికీ మధ్యే.

వదిలేయడమంటే మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో ఉన్న సన్నటి గొట్టాన్ని బయటికి తీసి అలా ఉంచేయడం. కాసేపటికి కణాలు చచ్చిపోతాయి. మూలకణాల పరిశోధనకు ఇస్తే, ఐదో రోజు దశలో ఆగి ఉన్న ఆ పిండాన్ని కరిగించి లోపలున్న కణాల గుంపును విడదీస్తారు. ఆ దశలో మొత్తం వందా రెండొందల కణాలుంటాయి. లోపలి గుంపులోని కణాలే మూలకణాలు, అంటే ఇంకా ఏమవుతాయో తేలనివి: గుండె కండరం కావచ్చు, నరం కావచ్చు, ఇన్సులిన్ చేసే కణం కావచ్చు. 1998లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ థామ్సన్ బృందం మనిషి పిండం నుంచి మొదటిసారి ఇలాంటి కణాలను తీసి పెంచింది. ఆ పిండాలు ఐవీఎఫ్‌లో మిగిలితే మా లాంటి దంపతులు ఇచ్చినవే. అప్పుడు తీసిన వాటిలో హెచ్9 అనే కణాల సంతతి నేటికీ ఎన్నో ల్యాబ్‌లలో పెరుగుతోంది.

రెండు దారుల్లోనూ పిండం పోతుంది. ఎలాగూ పోయేదే కదా, పదిమందికి పనికొస్తే మంచిదే కదా అని నేను తేలిగ్గా అనేశాను. మా అత్తయ్య ఒప్పుకోలేదు. "ఎలాగూ పోయేదని మనమే చెయ్యి వేస్తామా అమ్మాయ్? దానంతట అది పోవడం వేరు, మనం విడదీయడం వేరు" అన్నారు. రెండు రోజులు నా దగ్గర జవాబు లేదు. తరువాత అర్థమైంది, ఇక్కడ దానంతట అది పోవడమనేది లేదు. దాన్ని చేయించింది మేము, గడ్డకట్టించింది మేము, బయటికి తీయమని సంతకం పెట్టాల్సిందీ మేమే. రెండో గడిలో టిక్ పెట్టినంత మాత్రాన అందులో నా చెయ్యి లేకుండా పోదు.

అయితే అది బిడ్డేనా? కాథలిక్ చర్చి, అండం ఫలదీకరణమైన క్షణం నుంచే బిడ్డకిచ్చే గౌరవం ఇవ్వాలంటుంది. శుక్రం, శోణితం కలిసినప్పుడే జీవుడు చేరతాడని చరకుడి మాట. మలక్‌పేట నుంచి ఆఫీసుకొచ్చే నా స్నేహితురాలు, ఇస్లాంలో చాలామంది పండితులు నూట ఇరవై రోజులకు ఆత్మ చేరుతుందంటారని చెప్పింది. సైన్సు వాళ్లు, పిండాన్ని ల్యాబ్‌లో పద్నాలుగు రోజులకు మించి పెంచకూడదని గీత గీసుకున్నారు. 1984లో బ్రిటన్‌లో వార్నాక్ కమిటీ చెప్పిన ఆ హద్దునే మన దేశ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ మార్గదర్శకాలూ పాటిస్తున్నాయి. దాదాపు ఆ సమయానికి పిండంలో వెన్ను వచ్చే చోట ఒక గీతలాంటిది ఏర్పడుతుంది. అంతకుముందు ఒకే పిండం రెండుగా విడిపోయి కవలలు కావచ్చు. ఒకటో రెండో ఇంకా తేలనిదాన్ని ఒక మనిషి అనడం ఎలా అనే ఈ వాదన నాకు బలంగానే అనిపిస్తుంది.

కానీ మా పాపను చూసినప్పుడు ఆ వాదన గుండెకు ఎక్కదు. ఈ మూడూ, అదీ ఒకే రోజు తయారయ్యాయి. ఎంబ్రియాలజిస్ట్ గ్రేడ్లు చూసి ఒకదాన్ని ఎంచారు, మిగతావి ఫ్రీజ్ చేశారు. ఆ రోజు ఇంకోటి ఎంచి ఉంటే నా ఒళ్లో ఇంకొకరు ఉండేవారు. వీటిని 'మెటీరియల్' అని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. బిడ్డ కాకపోవచ్చు, కానీ ఉత్త కణాలూ కావు. ఊరికే పారేయడానికి నా మనసు ఒప్పుకోనిది కూడా ఇందుకే.

మా ఆయన ఇంకో ప్రశ్న అడిగారు. పెద్దవాళ్ల ఒంట్లోనే మూలకణాలుంటాయి కదా, మరి పిండాలెందుకు? మన ఊళ్లోనే దానికి మంచి ఉదాహరణ ఉంది. సున్నం పడి ఒక కంటి చూపు పోయిన వాళ్లకు ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి డాక్టర్లు, బాగున్న కంటి అంచు నుంచి రెండు మిల్లీమీటర్ల ముక్క తీసి, చిన్న చిన్న తునకలు చేసి, దెబ్బతిన్న కంటి మీద అతికిస్తారు. అక్కడ పిండం ఊసే లేదు. ఏ పేచీ లేని దారి ఇదే, కుదిరిన చోటల్లా ఇదే మేలు. కానీ కంటి అంచు కణం కంటి పైపొరనే ఇస్తుంది, మెదడులో నరాన్ని ఇవ్వదు.

ఇక జపాన్ శాస్త్రవేత్త షిన్యా యమనాక దారి ఉంది. మామూలు చర్మకణంలోకి నాలుగు జన్యువులు పంపి దాన్ని పిండ మూలకణం లాంటి స్థితికి తిప్పారు. 2006లో ఎలుకలో, 2007లో మనిషి కణాల్లో. 2012లో నోబెల్ వచ్చింది. దీంతో పిండాల గొడవ తీరిపోయిందని చాలామంది అంటారు. నేను అంత తేలిగ్గా అనలేను. కణాన్ని వెనక్కి తిప్పడంలో జన్యువుల్లో మార్పులు రావచ్చు. 2015లో జపాన్‌లో ఒక రోగికి ఈ కణాలతో చేయాల్సిన కంటి చికిత్స ఆపేశారు, ఈ భయం కూడా అందుకు ఒక కారణం. పైగా తిప్పిన కణం సరిగ్గా వచ్చిందా లేదా అని సరిచూసుకోవడానికి పిండ కణాలే కొలబద్ద.

2025 ఏప్రిల్‌లో, మెదడులో నరకణాలు చచ్చిపోయి చేతులు వణికే పార్కిన్సన్స్ జబ్బు మీద రెండు ప్రయోగాల ఫలితాలు ఒకేసారి వచ్చాయి. క్యోటోలో యమనాక పద్ధతి కణాలతో ఏడుగురికి, అమెరికా, కెనడాల్లో పిండ కణాలతో పన్నెండు మందికి. రెండోదానికి మూలం ఆ 1998 నాటి హెచ్9. రెండు చోట్లా ముందు చూసింది ప్రమాదం ఉందా లేదా అని. పెద్ద ప్రమాదమేమీ కనపడలేదు. మందుగా ఎంత పనిచేస్తుందో తేలాలంటే ఇంకా పెద్ద ప్రయోగాలు జరగాలి.

ఈ సంగతి మామయ్యగారికి చదివి వినిపించాను. ఆయనకు పార్కిన్సన్స్ వచ్చి ఆరేళ్లయింది. టీ కప్పు రెండు చేతులతో పట్టుకున్నా సాసర్‌లో ఒలుకుతుంది. "నా కోసమైతే వద్దమ్మా. అది నా మనవడో మనవరాలో అయ్యుండేది" అన్నారు. మీ కోసం కాదు మామయ్యా, అది మీ దాకా రాదు అని చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత "అయితే సరే" అన్నారు.

ఒక్కటి మాత్రం నేను ఒప్పుకోను. పరిశోధన కోసమే కొత్తగా పిండాలు చేయడం. దానికి అండాలు కావాలి. అండాల కోసం రోజూ పొట్ట మీద ఇంజెక్షన్లు చేయించుకున్నదాన్ని నేను. మూలకణాల కోసం క్లోనింగ్‌తో పిండాలు చేశానన్న కొరియా శాస్త్రవేత్త హ్వాంగ్ వూ సుక్, తన ల్యాబ్‌లో పనిచేసే ఆడపిల్లల అండాలు కూడా వాడారు. చివరికి ఆ పరిశోధనే బూటకమని తేలి 2006లో పత్రాలు వెనక్కి తీసుకున్నారు. మిగిలినదాన్ని ఇవ్వడం వేరు, ఇవ్వడానికే పుట్టించడం వేరు.

మూడో గడిలో టిక్ పెట్టాం. పక్కన మా ఆయన చేత్తో రాశారు: ఏ సంస్థకు ఇస్తారో, అది నమోదైనదో కాదో, వీటితో ఏం చేస్తారో మాకు చెప్పిన తరువాతే. ఆ జవాబు వచ్చే దాకా ఫీజు కట్టి ఉంచాం. అత్తయ్య ఆ కాగితం మీద ఉన్న మూడు నంబర్లూ తన డైరీలో రాసుకున్నారు.