ఎంఎస్‌కాన్ఫిగ్ మాయమైందా? ఫార్మాట్ కంటే ముందు ఎస్ఎఫ్‌సీ

పాత డెస్క్‌టాప్‌లో ఎంఎస్‌కాన్ఫిగ్ (విండోస్ మొదలయ్యే తీరును మార్చుకునే చిన్న ప్రోగ్రాం) రావట్లేదని తిరుపతిలో రిపేరు షాపుకు తీసుకెళ్తే చాలాచోట్ల వినిపించే మాట "ఫార్మాట్ కొట్టేద్దాం". ఒక్క ఫైలు కోసం ఫొటోలు, ట్యాలీ లెక్కలు, ప్రింటర్ డ్రైవర్లు అన్నీ మళ్లీ మొదటికి తెచ్చుకోవడమే అది. పోయిన విండోస్ ఫైలును తిరిగి తెచ్చే పనికే విండోస్ 7లో సిస్టమ్ ఫైల్ చెకర్ ఉంది. పొట్టిగా ఎస్ఎఫ్‌సీ. పైసా ఖర్చు లేదు, డౌన్‌లోడ్ అక్కర్లేదు. ఐదుకు నాలుగు మార్కులు ధైర్యంగా ఇవ్వొచ్చు. ఆ ఒక్క మార్కు ఎందుకు పోయిందో కింద ఉంది.

ముందు ఫైలు నిజంగా పోయిందా అన్నది తేల్చుకోండి. సి డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్, అందులో సిస్టమ్32 తెరిచి ఎంఎస్‌కాన్ఫిగ్ వెతకండి. ఫైలు అక్కడే ఉన్నా, రన్‌లో కొడితే "విండోస్ కెనాట్ ఫైండ్" అంటుంటే వైరస్‌ను అనుమానించాలి. అది విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో ఇమేజ్ ఫైల్ ఎగ్జిక్యూషన్ ఆప్షన్స్ కింద ఎంఎస్‌కాన్ఫిగ్ పేరుతో ఒక కీ పెట్టి, డీబగ్గర్ అన్న చోట ఎక్కడా లేని ప్రోగ్రాం పేరు రాసిపెడుతుంది. విండోస్ ఆ లేనిదాన్ని వెతికి, దొరకలేదని చెప్తుంది. వైరస్ స్కాన్ చేసి ఆ డీబగ్గర్ విలువ తీసేస్తే ఎంఎస్‌కాన్ఫిగ్ తెరుచుకుంటుంది. టాస్క్ మేనేజర్‌ను అడ్మినిస్ట్రేటర్ ఆపేశాడన్న మెసేజ్ వచ్చినా అదీ రిజిస్ట్రీ సంగతే. ఎస్ఎఫ్‌సీ ఫైళ్లు చూస్తుంది గానీ ఈ సెట్టింగుల జోలికి పోదు.

ఫైలు లేదని తేలితే హార్డ్‌డిస్క్ వైపు చూడాలి. ఫైళ్లు వాటంతటవి మాయం కావు. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోవడమో, డిస్క్‌లో బ్యాడ్ సెక్టార్లో (చెడిపోయిన చోట్లు) కారణం అయ్యుండొచ్చు. స్టార్ట్‌లో సీఎండీ అని కొట్టి, కుడి క్లిక్‌తో రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ ఇచ్చి, తెరుచుకునే నల్ల కిటికీలో "డబ్ల్యూఎంఐసీ డిస్క్‌డ్రైవ్ గెట్ స్టేటస్" అని ఇంగ్లీషులో కొట్టండి. "ప్రెడ్ ఫెయిల్" అని వస్తే అక్కడే ఆగి, ముందు డేటా వేరే డిస్క్‌లోకి ఎక్కించుకోండి. "ఓకే" వస్తే డిస్క్ తప్పులు సరిచేసే చెక్‌డిస్క్‌ను (సీహెచ్‌కేడీఎస్‌కే అని కొట్టాలి) స్లాష్ ఎఫ్‌తో ఇచ్చి, వై నొక్కి రీస్టార్ట్ చేయండి. స్లాష్ ఆర్ జోలికి ఇప్పుడే పోవద్దు. అది డిస్క్ మొత్తం చదువుతుంది, గంటలు పడుతుంది, అరిగిపోయిన డిస్క్ అయితే ఆ దెబ్బకే పోవచ్చు.

ఇక అసలు పని. అదే నల్ల కిటికీలో ఎస్ఎఫ్‌సీ, ఒక ఖాళీ, స్లాష్, దానికి ఆనుకుని స్కాన్‌నౌ. నూరు శాతం వచ్చేదాకా కదపొద్దు. పాత డిస్క్ మీద అరగంట కూడా పట్టొచ్చు. ఎండాకాలం అయితే యూపీఎస్ లేకుండా మొదలుపెట్టొద్దు. విన్‌ఎస్ఎక్స్ఎస్ అనే ఫోల్డర్‌లో విండోస్ దాచుకున్న అసలు కాపీని తెచ్చి ఇది సిస్టమ్32లో పెడుతుంది. "సక్సెస్‌ఫుల్లీ రిపేర్డ్" అని వస్తే రీస్టార్ట్ చేయండి, అంతే. "అనేబుల్ టు ఫిక్స్ సమ్" అంటే ఆ దాచుకున్న కాపీ కూడా చెడిపోయినట్టు. ఏ ఫైలు దగ్గర ఆగిందో విండోస్, లాగ్స్, సీబీఎస్ ఫోల్డర్‌లోని సీబీఎస్ లాగ్‌లో, చదరపు బ్రాకెట్ల మధ్య ఎస్ఆర్ అని ఉన్న లైన్లలో కనబడుతుంది.

మార్కు పోయింది ఇక్కడే. విండోస్ 8 నుంచి ఆ విన్‌ఎస్ఎక్స్ఎస్ నిల్వను బాగుచేయడానికి డిజమ్ అనే కమాండ్‌లో రిస్టోర్‌హెల్త్ అనే ఆప్షన్ ఉంది, 7లో అది లేదు. సైజు తగ్గించిన "లైట్" కాపీ వేసిన కంప్యూటరైతే నిల్వలోంచి కూడా కోసేసి ఉంటారు, ఎస్ఎఫ్‌సీ తెచ్చేందుకు అక్కడ సరుకే ఉండదు. అప్పుడు విండోస్ నడుస్తుండగానే సర్వీస్ ప్యాక్ 1 ఉన్న డీవీడీ పెట్టి, సెటప్‌లో అప్‌గ్రేడ్ ఎంచుకోవాలి. ఎడిషన్, భాష, 32 బిట్టా 64 బిట్టా అన్నవి మూడూ కలవాలి. ప్రోగ్రాములు, ఫైళ్లు అట్లాగే ఉంటాయి. పక్కింటి కంప్యూటర్ నుంచి ఫైలు పెన్‌డ్రైవ్‌లో తెచ్చి పెట్టే పద్ధతి అతుకే. ఈఎన్-యూఎస్ ఫోల్డర్‌లో దాని జతగా కిటికీలోని ఇంగ్లీషు మాటలుండే ఎంయూఐ ఫైలు కూడా ఉంటేనే కిటికీ సరిగా వస్తుంది. ఇలాంటి ప్రోగ్రాం ఫైళ్లు (ఈఎక్స్ఈలు) పంచే సైట్ల వైపు మాత్రం వెళ్లనే వద్దు.

విండోస్ ఎక్స్‌పీ ఉన్నవాళ్లకు దారి వేరు. అందులో ఎంఎస్‌కాన్ఫిగ్ ఉండేది పీసీహెల్త్, హెల్ప్‌సీటీఆర్, బైనరీస్ ఫోల్డర్‌లో. సీడీలోని ఐ386లో దాని పేరు చివర ఈఎక్స్ అండర్‌స్కోర్ అని ఉంటుంది, ఫైలు కంప్రెస్ చేసి ఉంటుంది. ఎక్స్‌పాండ్ కమాండ్‌తో విప్పి ఆ బైనరీస్ ఫోల్డర్‌లో పెట్టాలి.

బాగయ్యాక కూడా ఆ కంప్యూటర్‌లో బ్యాంకు పనులు పెట్టుకోవద్దు. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2020 జనవరి 14తో ఆగింది, క్రోమ్ 109 దగ్గర నిలిచిపోయింది. లెక్కలకు, ప్రింటింగ్‌కు అయితే ఇంకా పనికొస్తుంది. ఇదంతా చేయడం కుదరక షాపులోనే ఇస్తే, "ఎస్ఎఫ్‌సీ నడిపారా, సీబీఎస్ లాగ్‌లో ఏముంది, ఒరిజినల్ డీవీడీతో అప్‌గ్రేడ్ రిపేరు చేస్తారా" అని మూడు మాటలు అడిగి, వాళ్ల జవాబు విన్నాకే సీపీయూ వదిలి రండి.