రేడియేటర్‌లో బోరు నీళ్లా, కూలెంటా?

మే నెల, కూకట్‌పల్లి ట్రాఫిక్, ఏసీ ఆన్‌లో ఉంది. టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత వైపు పాకుతోంది. బండి పక్కకు ఆపగానే ఎవరో ఒకరు సీసా పట్టుకొస్తారు: "నీళ్లు పోసెయ్యన్నా, ఏం కాదు!"

ఖర్చు: నీళ్లు ఊరికే వస్తాయి. ఇంజిన్‌ను చల్లగా ఉంచడానికి అమ్మే ద్రవం, అదే కూలెంట్, లీటరు కొన్ని వందలు, చిన్న కారుకు నాలుగైదు లీటర్లు పడుతుంది.

శ్రమ: నీళ్లు రెండు నిమిషాల పని. కూలెంట్ మార్చాలంటే పాతది తీసి, కడిగి, నింపి, లోపలి గాలి పోయేదాకా ఇంజిన్ నడపాలి.

రిస్క్: అసలు తేడా ఇక్కడే. మన బోరు నీళ్ల సంగతి గీజర్ కాయిల్ విప్పి చూసినవాళ్లకు తెలుసు, తెల్లగా పెచ్చు కట్టి ఉంటుంది. రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ అదే పేరుకుంటుంది, తుప్పు అదనం. పైగా 500 మీటర్లకు పైన ఎత్తులో ఉన్న హైదరాబాద్‌లో మామూలు నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపితే ఇంకో ఏడెనిమిది డిగ్రీలు ఆగుతుంది. రేడియేటర్ మూత బిగించి ఉంటే లోపలి ఒత్తిడితో ఈ రెండు అంకెలూ ఇంకా బాగా పెరుగుతాయనుకోండి.

దారిలో చిక్కుకుంటే నీళ్లే గతి. కానీ ఇంజిన్ పూర్తిగా చల్లారాకే మూత తీయండి, లేదంటే మొహం కాలుతుంది. ఇంటికి చేరాక ఆ నీళ్లు తీయించి కూలెంట్ పోయించండి. కూలెంట్ నిండుగా ఉండి, ఔటర్ రింగ్ రోడ్డు మీద బండి బాగానే నడిచి, సిగ్నళ్ల దగ్గర మాత్రమే వేడెక్కుతుంటే నీళ్లు పోసినా కూలెంట్ పోసినా లాభం లేదు, ముందు ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూడండి.