వెయిట్ ప్లేట్లు కాటా మీద పెట్టించకుండా డబ్బులు ఇవ్వకండి

ఇంట్లో జిమ్ పెట్టుకుందామని పోయిన నెల కోఠి వైపు ఒక షాపులో 50 కిలోల ప్లేట్ల సెట్టు కొన్నాను. పైన నల్లటి పీవీసీ తొడుగు. "లోపల అంతా ఇనుమే అన్నా, గ్యారంటీ" అన్నాడు షాపతను. నమ్మాను.

బెంచ్ ప్రెస్ (బెంచీ మీద పడుకుని, రెండు చివర్లా ప్లేట్లు తగిలించిన బార్‌ను పైకి నెట్టడం) చేస్తుంటే రోజూ బార్ ఎడమవైపు ఒరిగేది. నా ఎడమ చెయ్యే బలహీనమనుకుని రెండు వారాలు అలాగే చేశాను, భుజం పట్టేసింది. మా బావమరిది చూసి, "బావా, రెండు వైపుల ప్లేట్లు ఒకసారి మార్చి చూడు" అన్నాడు. మార్చగానే బార్ కుడివైపు ఒరిగింది!

వెంటనే సందు చివర కిరాణా కొట్టుకు మోసుకెళ్ళి కాటా మీద పెట్టించాను. 10 కిలోల జతలో ఒకటి 10 కిలోల 150 గ్రాములు, రెండోది 8 కిలోల 900. మొత్తం సెట్టు 47 కిలోలు కూడా లేదు. బరువు కాస్త తగ్గితే సర్దుకోవచ్చు గానీ, జతలో కిలోకి పైగా తేడా ఉంటే దెబ్బ తగిలేది మన ఒంటికే. ఆ వారమే ఒక ప్లేటు అతుకు దగ్గర విచ్చుకుని బూడిదరంగు పొడి రాలింది. లోపలున్నది సిమెంటు.

దీన్ని కొనేముందే పట్టుకోవచ్చు. పోత ఇనుము కాంక్రీటు కంటే దాదాపు 3 రెట్లు సాంద్రమైనది కాబట్టి అదే బరువుకు సిమెంటు ప్లేటు బాగా లావుగా ఉంటుంది. బరువు పెంచుకుంటూ పోతే బార్ మీద చోటే మిగలదు. ప్లేటు మధ్యలో బార్ దూరే రంధ్రం కూడా కొలవండి. పోటీల్లో, పెద్ద జిమ్‌లలో వాడే ఒలింపిక్ బార్ చివర్లు 50 మిల్లీమీటర్లు, ఇళ్ళలో వాడే మామూలు రాడ్లు 25 నుంచి 30 మధ్య ఉంటాయి. ముందు బార్ ఏదో తేల్చుకుని, తర్వాత ప్లేట్లు చూడండి.

వాపసు అడిగితే "వాడిన సామాను తీసుకోం" అన్నాడు. బిల్లులో "జిమ్ సెట్టు" అని మాత్రమే ఉంది, కిలోల మాట లేదు, ఇనుమన్న మాట లేదు. నేను చేసిన పెద్ద తప్పు అదే. ఏ ప్లేటు ఎన్ని కిలోలు, దేనితో చేసింది అన్నది మీరు తప్పకుండా రాయించుకోండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను, ఇంకా తేలలేదు.

మొన్న రాణిగంజ్‌లో పోత ఇనుము ప్లేట్లు రెండు తీసుకున్నాను. అడగ్గానే ఆ కొట్టు పెద్దాయన రెండూ కాటా మీద పెట్టి చూపించాడు. తేడా 60 గ్రాములు.