స్కాట్లాండ్ ఉత్తర తీర యాత్ర: దారి మంచిదే, సమయం పంచిన తీరే బాగాలేదు

వేసవి సెలవులకు లండన్, స్విట్జర్లాండ్ ప్యాకేజీలు అమ్మే హైదరాబాద్ ట్రావెల్స్ సంస్థల్లో ఒకటి ఈమధ్య స్కాట్లాండ్ ఉత్తర కొసన ఉన్న సదర్లాండ్, కెయిత్‌నెస్ ప్రాంతాలకు చిన్న బృందాలను తీసుకువెళ్తోంది. ఇన్వర్నెస్‌లో బయలుదేరి, సముద్రాన్ని కుడిచేతి వైపు ఉంచుకొని జాన్ ఓ గ్రోట్స్ దాకా సాగే ఈ దారిని ఎంచుకున్నందుకు ఆ సంస్థను మెచ్చుకోవాలి. పెద్ద బస్సుకు బదులు వ్యాను పెట్టడం కూడా తెలివైన పనే. ఎదురుగా బండి వస్తే పక్కకు తప్పుకొని ఆగవలసిన ఒంటివరుస రోడ్లు అక్కడ చాలా ఉన్నాయి.

చిక్కల్లా ఎక్కడ ఎంతసేపు ఆపారన్న దగ్గరే వచ్చింది. డన్‌రాబిన్ కోటకు దాదాపు ఒక పూట కేటాయించారు. 189 గదుల ఆ భవంతికి 19వ శతాబ్దంలో ఇప్పటి రూపం ఇచ్చినవాడు లండన్ పార్లమెంటు భవనాన్ని రూపొందించిన చార్లెస్ బ్యారీయే. తోట, డేగల ప్రదర్శన, అద్దాల బీరువాల్లోని వెండి సామాను అన్నీ చూపించారు గానీ, ఆ కోట యజమానులైన సదర్లాండ్ ప్రభువులు గొర్రెల పెంపకం కోసం లోయల్లోని కౌలుదారులను వేల సంఖ్యలో ఖాళీ చేయించి సముద్రపు ఒడ్డుకు తరిమిన సంగతిని మాత్రం గైడు ప్రస్తావించలేదు. అక్కడికి అరగంట దూరంలోని హెల్మ్స్‌డేల్ అలా వచ్చినవారి కోసం వెలసిన చేపల రేవు. మాకు అది కాఫీ తాగే చోటు మాత్రమే అయింది. కోటను, పల్లెను వేర్వేరు వింతలుగా చూపిస్తే ఈ తీరం అర్థం కాదు. ఒకదాని వల్లే రెండోది పుట్టింది.

బృందంలో కొందరం పట్టుబట్టడంతో బాడ్‌బియా దగ్గర వ్యాను ఆపారు. నేలలు పోగొట్టుకున్న కుటుంబాలు కొండ అంచున ఇళ్లు కట్టుకున్న ఆ ఊళ్లో, గాలికి కొట్టుకుపోకుండా పిల్లలను, పశువులను తాళ్లతో కట్టేవారని చెప్పుకుంటారు. చివరి మనిషి 1911లో వెళ్లిపోయాక మిగిలినవి మొండిగోడలే. టికెట్టు లేదు, వసతులూ లేవు. ప్రయాణం మొత్తంలో ఎక్కువసేపు మాట్లాడుకున్నది మాత్రం దీని గురించే.

వేలిగో మెట్లను 'ఫొటో స్టాప్' అని పట్టికలో రాయడం అన్యాయం. నిట్టనిలువు కొండకు వంకరటింకరగా పేర్చిన మూడు వందలకు పైగా రాతిమెట్ల మీదుగా ఆడవాళ్లు హెర్రింగ్ చేపల గంపలు పైకి మోసి, విక్ పట్టణం దాకా నడిచి అమ్మేవారు. దిగి ఎక్కడానికి గంటైనా కావాలి. మోకాళ్ల నొప్పులున్నవారు పైనుంచే చూడడం మేలు. ఆ విక్‌లోనే ఇంజినీరు థామస్ టెల్ఫర్డ్ ప్రణాళిక వేసిన పుల్టనీటౌన్ ఉంది. 19వ శతాబ్దంలో ఐరోపాలోని పెద్ద హెర్రింగ్ రేవుల్లో ఒకటిగా వెలిగిన ఆ ఊరిని కిటికీలోంచే చూసి వచ్చాం.

ఆ సంస్థ నిజంగా బాగా చేసినది కామ్‌స్టర్ సమాధుల సందర్శన. అయిదు వేల ఏళ్లు దాటిన ఆ రాళ్లగుట్టల్లోకి ఇరుకైన దారిలో మోకాళ్ల మీద పాకుతూ వెళ్లాలి. గైడు ముందుగానే చెప్పి, టార్చిలైట్లు ఇచ్చి, తొందరపెట్టకుండా నిలబడ్డాడు. సింక్లెయిర్ గిర్నిగో కోట శిథిలాల దగ్గరా అదే ఓపిక చూపాడు. గోల్కొండ మెట్లెక్కిన వారికి కోటలు కొత్త కావు గానీ, సముద్రంలోకి పొడుచుకొచ్చిన సన్నని బండ మీద గోడలు లేపిన ఆ తెగువ వేరు.

భోజనం విషయంలో సంస్థ పట్టుదల నాకు నచ్చలేదు. శాకాహారులకు పులిహోర పొట్లాలు సర్దడం సరే. తక్కినవారికి ఎదురుగా రేవులో తాజా హాడాక్ చేప దొరుకుతుండగా, రోజూ రాత్రి పప్పన్నం కోసం గంటల తరబడి ప్రయాణం చేయించడం ఎందుకు?

బుక్ చేసేవారు డన్‌రాబిన్‌ను రెండు గంటలకు కుదించి, విక్‌కు ఒక పూట ఇమ్మని ముందే అడగాలి. స్విట్జర్లాండ్ వంటి ఐరోపా దేశాలకు తీసుకునే షెంజెన్ వీసా అక్కడ చెల్లదు, బ్రిటన్ వీసా వేరే తీసుకోవాలి. ఎలిజబెత్ రాణి తల్లి 1952లో కొన్న మే కోట వేసవి మధ్యలోనూ కొన్నాళ్లు మూసి ఉంటుంది కాబట్టి తేదీలు సరిచూసుకోవాలి. జూన్‌లోనైనా గాలి ఆపే కోటు లేనిదే ఆ గట్ల మీద నిలబడలేరు. గొడుగు అక్కడ పనికిరాదు.