ఇంగ్లీష్ కంటెంట్ రాసేవాళ్ళకి హెమింగ్‌వే ఎడిటర్ బాగుంది
వెబ్‌సైట్లకి ఇంగ్లీష్‌లో రాసేవాళ్ళు హెమింగ్‌వే ఎడిటర్ తప్పకుండా వాడి చూడండి, బ్రౌజర్‌లో ఫ్రీగానే వస్తుంది. మేటర్ పేస్ట్ చేస్తే చదవడానికి కష్టంగా ఉన్న వాక్యం పసుపు, మరీ కష్టమైతే ఎరుపు అవుతుంది, పక్కన గ్రేడ్ (అది చదివి అర్థం చేసుకోవడానికి ఎన్నో తరగతి చదువు కావాలో) కూడా చూపిస్తుంది. ఒక డెంటల్ క్లినిక్ పేజీలో టైమింగ్స్, ఫీజు, అపాయింట్‌మెంట్ అన్నీ ఒకే వాక్యంలో కుక్కేసి ఉంటే అంతా ఎర్రగా వచ్చింది, మూడు ముక్కలు చేసి ఫీజు ముందు పెట్టేసరికి రంగు పోయింది, చదవడానికీ హాయిగా ఉంది. గ్రేడ్ కోసం మాత్రం పాకులాడొద్దు, అది అక్షరాలు, పదాల లెక్కే గానీ రాసిన విషయం కరెక్టో కాదో దానికి తెలీదు. తెలుగుకి అస్సలు పనికిరాదు, మన పదాలకి ప్రత్యయాలు అతుక్కుని పొడుగవుతాయి కదా, ఆ లెక్క కుదరదు. తెలుగు పేజీ అయితే ఇంట్లో పెద్దవాళ్ళ చేత పైకి చదివించండి, వాళ్ళు ఎక్కడ తడబడితే అక్కడ తిరగరాయండి.