ఉసిరికాయంత ఉబ్బు, చీటీ వెనక బొమ్మ

మా మనవడికి రెండేళ్లు. ఏడ్చినప్పుడల్లా గజ్జలో ఉసిరికాయంత ఉబ్బు. గుంటూరు కొత్తపేటలో ఒక పిల్లల సర్జన్‌కు చూపించాం. టోకెను 11, పిలిచేసరికి రెండున్నర గంటలు పట్టింది. అంతమందికీ ఒకటే ఫ్యాను, అదీ మూలుగుతూ.

డాక్టరుగారు చాలా ఏళ్లు వైద్య కళాశాలలో పాఠాలు చెప్పినవారు. ఇప్పటికీ ఏటా ఆఫ్రికా వెళ్లి అక్కడి కుర్ర డాక్టర్లకు ఆపరేషన్లు నేర్పి వస్తారట. పక్కన ఇద్దరు శిష్యులున్నారు. "ఇంగ్లిషు ముక్క రాకుండా ఈ అమ్మగారికి చెప్పమ్మా" అన్నారు ఒకమ్మాయితో. పాపం, రెండో మాటకే తడబడింది. అప్పుడు ఆయనే చీటీ వెనక బొమ్మ గీశారు: కడుపులో ఉండగా వృషణం కిందికి దిగిన దారి మూసుకోవాలి, వీడికి మూసుకోలేదు, అందులోకి పేగు జారుతోంది. దీన్నే హెర్నియా అంటారు. పెద్దవాళ్లకు ఆపరేషన్‌లో లోపల ఆసరాగా వేసే వల పిల్లలకు సాధారణంగా అక్కర్లేదు, సంచిలాంటి ఆ దారిని దాని మొదలు దగ్గరే కట్టేస్తే చాలు. ఆలస్యం చేస్తే పేగు ఇరుక్కోవచ్చు.

ఆపరేషన్ రోజున ఆవుపాలు 6 గంటల ముందే ఆపించారు, మంచినీళ్లు 2 గంటల ముందు వరకు పట్టనిచ్చారు. అదే సాయంత్రం ఇంటికి వచ్చేశాం. రసీదు మాత్రం రెండుసార్లు అడిగితే గాని ఇవ్వలేదు.

ఐదుకు నాలుగు. తగ్గిన ఆ ఒక్కటీ ఫ్యానుకే.