పాత కారు సెంట్రల్ లాకు బాగుచేసిన ఆటోనగర్ షాపు

మా కారు 2009 నాటి డీజిల్ హ్యాచ్‌బ్యాక్. ఇంజను ఇప్పటికీ ఏ ఇబ్బందీ పెట్టడం లేదు గానీ, నిరుడు వేసవి చివర నుంచి సెంట్రల్ లాకు మాత్రం మొరాయించడం మొదలుపెట్టింది. డ్రైవరు తలుపుకు తాళం వేస్తే తక్కిన మూడు తలుపులకూ ఒకరోజు లాకు పడేది, మరొకరోజు పడేది కాదు. రాత్రంతా వీధిలో ఉన్న కారుకు వెనుక తలుపులు తెరిచే ఉన్నాయని తెల్లవారి చూసుకున్న రోజున ఇక వాయిదా వేయకూడదనుకున్నాను.

మొదట వెళ్లిన వర్క్‌షాపులో మీటరు పెట్టి చూడకుండానే మోటార్లు పోయాయని తేల్చి, రెండు యాక్చుయేటర్లు (తలుపు లోపల లాకును కదిపే చిన్న మోటారు యూనిట్లు) మార్చి 3,200 రూపాయలు తీసుకున్నారు. వారం తిరగకముందే మళ్లీ అదే వరస. ఆ తర్వాత ఒక మిత్రుడు చెప్పగా విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో తండ్రీ కొడుకులు నడుపుతున్న ఆటో ఎలక్ట్రికల్ షాపుకు వెళ్లాను. ఒకే షట్టరు, బోర్డు కూడా లేదు. వారి పనితనం గురించే ఈ సమీక్ష.

పెద్దాయన పానా పట్టుకోకముందే ఒక ప్రశ్న వేశారు: “మూడు తలుపులూ ఒకేసారి పడటం లేదా, ఒక్కటేనా? ముందు అది చెప్పండి సార్.” ఒక్క తలుపే పడకపోతే ఆ తలుపు మోటారునో, దానికి వెళ్లే వైరునో అనుమానించాలని, అన్నీ కలిసి పడకపోతే ఫ్యూజు, కంట్రోల్ బాక్సు, డ్రైవరు తలుపు స్విచ్చి చూడాలని ఆయన వివరించారు. మా కారులో తక్కిన తలుపుల యాక్చుయేటర్లకు రెండేసి వైర్లే ఉంటాయి. బాక్సు వాటికి ఒక దిశలో క్షణకాలం 12 వోల్టులు పంపితే లాకు పడుతుంది, దిశ మార్చి పంపితే తెరుచుకుంటుంది. డ్రైవరు తలుపుది మాత్రం ఐదు వైర్ల యాక్చుయేటరు, ఎందుకంటే తాళం తిరిగిందన్న కబురు బాక్సుకు చేరవేసే స్విచ్చి దానిలోనే ఉంటుంది. ఆ కబురు చేరకపోతే, తక్కిన మోటార్లు ఎంత కొత్తవైనా కదలవు.

ఫ్యూజు బాగానే ఉంది. తర్వాత కుర్రవాడు డ్రైవరు తలుపును కొంచెం కొంచెంగా తెరుస్తూ, మూస్తూ తాళం తిప్పి చూపించాడు: సగం తెరిచి ఉంటే మూడూ పడుతున్నాయి, పూర్తిగా మూస్తే పడటం లేదు. అప్పుడు తలుపుకూ బాడీకీ మధ్య ఉన్న రబ్బరు గొట్టాన్ని వెనక్కి లాగారు. అందులో ఆ కబురు మోసే నీలం వైరు పైకి చక్కగానే కనిపించింది, కానీ ఆయన రెండు వేళ్లతో లాగగానే ఒకచోట రబ్బరులా సాగింది. పదిహేనేళ్లు తలుపుతో పాటు మడతపడి మడతపడి లోపల రాగి తెగిపోయి, తొడుగు మాత్రమే మిగిలింది.

నాకు అన్నిటికంటే నచ్చింది ఆ తర్వాతి పని. పక్కనున్న మోటారు వైరుకు మీటరు పెడితే ‘బీప్’ మంది. చాలామంది అక్కడితో వదిలేస్తారు. ఆయన మాత్రం రెండు చివరలా కప్లర్లు (వైర్లను కలిపే ప్లగ్గులు) ఊడదీసి, ఆ వైరు గుండా కరెంటు పంపి 21 వాట్ల ఇండికేటరు బల్బు వెలిగించారు. బల్బు ఎర్రగా, నీరసంగా వెలిగింది. ఒకటి రెండు రాగి పోగులు మిగిలి ఉన్నా మీటరు వైరు బాగుందనే చెబుతుందని, లోడు పడితేనే దాని అసలు స్థితి బయటపడుతుందని నాకు అప్పుడే అర్థమైంది.

తెగిన చోటే అతికించలేదు. టంకం పడిన చోట వైరు గట్టిపడి దాని పక్కనే మళ్లీ విరుగుతుంది కనుక, ఎక్కువ పోగులున్న మెత్తటి కొత్త వైరు ముక్కలు వేసి, అతుకులు గొట్టానికి అవతల, ఒకదాని పక్కన ఒకటి పడకుండా పెట్టి, స్లీవులు వేడిచేసి బిగించారు. మొదటి వర్క్‌షాపువారు తలుపు లోపలి ప్లాస్టిక్ షీటు చించి అలాగే వదిలేయడంతో కప్లరుకు పచ్చటి చిలుము పట్టింది. దాన్ని శుభ్రం చేసి, షీటు తిరిగి అంటించి, తలుపు అడుగున నీళ్లు పోయే రంధ్రాలు తెరిచారు. విరిగిన డోర్ ప్యాడ్ క్లిప్పులు రెండు కొత్తవి వేశారు.

మూడు గంటల పనికి 1,100 రూపాయలు తీసుకున్నారు. కూర్చోవడానికి చోటు లేదు, అడిగితే తప్ప బిల్లు రాయరు. ఈ రెండూ సరిచేసుకోవాలి. వానాకాలం గడిచినా లాకులు ఒక్కసారి కూడా తప్పలేదు. ఎడమ వెనుక తలుపు మాత్రం చలి ఉదయాల్లో నిదానంగా పడుతోంది. దాని మోటారు నిజంగానే అరిగిందని, ఇంకొన్నాళ్లు నడుస్తుంది కాబట్టి అప్పుడే మార్చవద్దని ఆయన ఆ రోజే చెప్పారు.